బాత్‌రూంలో దొరసాని

కోడిని బాత్‌రూంలో పెట్టి అప్పటికి మూడు రోజులు. ఇంటిల్లిపాది స్నానాలూ పెరట్లో కొళాయి దగ్గరకు మారాయి. దొరసానికి జబ్బు చేస్తే ఇంట్లోవాళ్ళు ఆమాత్రం సర్దుకోక తప్పుతుందా.

దొరసాని అన్నది కూతురు పెట్టిన పేరు. గుప్పెడంత పిల్లగా ఉన్నప్పటి నుంచే ఆ కోడికి టెక్కు ఎక్కువ. పిలిస్తే వెంటనే వచ్చేది కాదు. కాస్త ఆగి, తనకే బుద్ధి పుట్టినట్టు వచ్చేది. పడకేమో చెప్పుల స్టాండు మీదే. అలాంటిది ఇప్పుడు అట్టపెట్టెలో పాత తువ్వాలు మీద మెడ వాల్చేసి, కళ్ళు సగం మూసి పడి ఉంది. తలమీది ఎర్రటి తురాయి వంకాయ రంగుకు తిరిగింది.

తల్లి గంటకోసారి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తెరిచి, చక్కెర నీళ్ళు డ్రాపరుతో పోసేది. సగం దాని గొంతులోకి, సగం ఆమె ఒళ్ళోకి. ఎనిమిదేళ్ళ కూతురు బాత్‌రూం గుమ్మం దాటడానికి వీల్లేదు. ఆ హద్దు పెట్టింది తండ్రి. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా ఎవరూ కోడిని ముట్టుకోకూడదన్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే తనే పెట్టె ముందు కూర్చునేవాడు. వెచ్చదనం కోసం వేలాడదీసిన బల్బును కాస్త దించేవాడు.

"గుడ్డు అడ్డం పడి ఉంటుంది," అనేవాడు కూతురితో. భార్య వైపు మాత్రం చూసేవాడు కాదు.

గుడ్డు కాదని భార్యకు తెలుసు. కోళ్ళకు రోగం సోకిందని, జబ్బుపడినవైనా ఆరోగ్యంగా ఉన్నవైనా ఒక్కదాన్నీ మిగల్చకుండా పట్టుకుపోతారని, మైకు పెట్టిన వ్యాను వీధి వీధికీ తిరిగి చెవులు చిల్లులు పడేలా చెప్పింది. దాచినవాళ్ళ మీద కేసు పెడతారట. కేసంటూ పడితే ఆయన ఉద్యోగం హుళక్కే. ఈ ఇంట్లో అద్దెకు దిగి నెలన్నా కాలేదు.

అందుకే మొదటి రోజే ఆమె కోడిని అప్పగించేద్దామంది. కూతురు ఆ మాటకు అరవలేదు, ఏడవలేదు. బాత్‌రూం గుమ్మంలో దుప్పటి పరుచుకుని పడుకుంది. రెండు పూటలు అన్నం ముట్టలేదు. దాంతో తల్లి నోరు మూతపడింది.

బుధవారం సాయంత్రం ఆమె గొంతు తగ్గించి భర్తను అడిగింది.

"రేపేనా మన వీధి?"

"రేపే."

"ఏదో ఒకటి చెయ్యండి."

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు ఆయన. డ్రాపరు కడిగి బోర్లించాడు.

గురువారం ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు కోడి అరవకుండా చూడమన్నాడు.

పదింటికి వాళ్ళు వచ్చారు. ఐదుగురు. తలనుంచి కాళ్ళ దాకా తెల్లటి ప్లాస్టిక్ సూట్లు, ముక్కుకు మాస్కులు, కళ్ళకు పెద్ద పెద్ద అద్దాలు. కన్నతల్లి కూడా పోల్చుకోలేని వేషం. ఒకతను మిగతావాళ్ళ కంటే ముందుగా నడిచి వీళ్ళ గేటు దగ్గరకు వచ్చాడు.

ఆమె గడపలో నిలబడింది. వెనక తలుపు దగ్గరగా లాగింది. ఉన్నాయా అన్నట్టు అతను తల ఎగరేశాడు.

"ఏమీ లేవు," అంది ఆమె.

సరిగ్గా అప్పుడే, మూడు రోజులుగా కిక్కురుమనని దొరసాని లోపల కొక్కొక్కమంది. నీరసంగానే, కానీ గేటు దాకా వినపడేలా.

అతను రాస్తున్న పెన్ను కాగితం మీద ఆగింది. వీధిలోంచి తోటివాడు అక్కడేమైనా ఉందా అని కేకేశాడు. అతను అడ్డంగా తల ఊపాడు. 'పక్షులు లేవు' అని రాసిన కాగితం గేటుకు అంటించాడు. ఆమె ముఖంలోకి ఒక్కసారైనా చూడకుండా పక్కింటికి వెళ్ళాడు.

పక్కింట్లో ఉండేది బట్టలు కుట్టే పెద్దావిడ. ఒంటరి మనిషి. ఆవిడకు నాలుగు పెట్టలు. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి, ఆ ఉదయం కూడా గుడ్లు పెట్టాయి. ఒక్కదాన్నైనా వదిలెయ్యమని ఆవిడ కాళ్ళావేళ్ళా పడడం గోడ ఇవతలికి వినిపించింది. అతను మాత్రం నోరు విప్పలేదు. కాసేపు రెక్కలు టపటపలాడాయి. ఆ తర్వాత అదీ లేదు.

మధ్యాహ్నం పెద్దావిడ వచ్చి వీళ్ళ మెట్ల మీద కూలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మీ కోడి అరవడం నేనూ విన్నానమ్మా. ఎవరితోనూ అననులే," అంది. "నీ ఇంటికొచ్చినవాడే నా ఇంటికీ వచ్చాడు. నీమీద జాలిపడ్డవాడికి నామీద ఎందుకు కలగలేదో, అదే తెలీడం లేదు."

ఆమె మంచినీళ్ళు తెచ్చి పెద్దావిడ చేతికిచ్చి, తల దించుకుని పక్కనే కూర్చుంది. సిగ్గుతో చచ్చిపోతోంది. లోపల్నుంచి కూతురు పరుగెత్తుకొచ్చింది. దొరసాని తనంతట తనే గిన్నెలో ముక్కు ముంచి నీళ్ళు తాగిందని చెప్పబోయి, తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

సాయంత్రం ఆరింటికి ఆ తెల్లసూటు మనిషి పెరటి తలుపు తోసుకుని వచ్చి, కొళాయి కింద సబ్బుతో రెండుసార్లు స్నానం చేసి, రోజూలాగే బల్బును కాస్త దించి, కూతురి పక్కన చతికిలబడి, "దొరసాని ఏమైనా తిందా, అమ్మలూ?" అని అడిగాడు.