కప్ప జిగురు

నాపరాయి గనిలో బండలు కోసే బాల్‌రాజ్ కాలి పుండుకు తాండూరులో ఏ మందూ పనిచేయలేదు. రేపు వికారాబాద్ ఆసుపత్రిలో పాదం తీసేస్తారు.

"కప్ప తోలుతోని ఊపిరి పీలుస్తది, మురికినీళ్లల్ల బతికినా కుళ్లదు. దాని తోలుల్నే మందుంటది. మన తోలుల గూడ ఉంటది గాని, నీది షుగరు మింగింది," అని కాంపౌండర్ నవ్వాడు. కూలోడి కాలంటే ఎవరికైనా నవ్వే.

చీకటి పడ్డాక బాల్‌రాజ్ పాడుబడ్డ గని గుంతలో ఒక కప్పను పట్టి, దాని జిగురు పుండుకు పూసుకున్నాడు. గుంతలో కప్పల అరుపులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఇంటికొచ్చి పడుకున్నాడు. నొప్పి పోయింది. తడిమితే పుండు పూడిపోయింది.

"మాణెమ్మా, కాలు దక్కిందే! పట్టి చూడు!"

భార్య చీకట్లోనే పాదం పట్టుకుంది. వంగి దానికి చెవి ఆనించింది.

"ఏందే?"

"నీ కాలు ఊపిరి పీలుస్తున్నదయ్యా."