కలకత్తా లైను

"కలకత్తా లైను ఎక్కినావంటే నీ కూతురు నిన్ను చూసి ‘ఎవరమ్మా ఈయన’ అంటాది. నా మాట రాసిపెట్టుకో" అన్నాడు ఓబులేసు, టీ గ్లాసు బల్లమీద పెడుతూ.

కామాక్షయ్య చేతిలోని బన్ను నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

అతను లారీ స్టీరింగు పట్టి ఇంకా ఏడాది తిరగలేదు. అయినా ఖాకీ చొక్కా తొడుక్కుని గూడూరు బజారులో నడుస్తుంటే జనం తనను చూసి పక్కకు తప్పుకుంటున్నారని అతని నమ్మకం. లారీని వెనక్కు తీసేటప్పుడు మాత్రం జనం నిజంగానే తప్పుకునేవారు. షావుకారు పద్మనాభయ్య తన గోడౌను గోడను అప్పటికే ఒకసారి తిరిగి కట్టించాడు. అలాంటి షావుకారు ఆ ఉదయం అతన్ని పిలిచి, "నిమ్మకాయల లోడు కలకత్తాకు తోల్తావా? జీతం రెట్టింపు, బత్తా వేరే. అంతదూరమూ ముందుకే గదా పోవాల్సింది, నీకు ఇబ్బంది ఉండదు. కాదంటే ఎప్పటిలా ఉప్పు లోడు తోలుకుంటా, పొద్దుగూకేసరికి ఇల్లు చేరు. రేపు చెప్పు" అన్నాడు.

ఓబులేసు అదే షావుకారు దగ్గర పెద్ద డ్రైవరు. నెరిసిన మీసం, నెమ్మదైన మాట. కామాక్షయ్యకు గేర్లు నేర్పింది ఆయనే.

"ఇదివరకు వేరే షావుకారు దగ్గర నేను బొంబాయి లైను తోలినోణ్ణే" అన్నాడు ఓబులేసు. "ఒకతూరి మా పాప శేషికి ఎర్రగౌను కొనుక్కొచ్చినా. గడపలో నిలబడి ‘రా తల్లీ’ అంటే, అది లోపలికి ఉరికి, ‘అమ్మా, ఎవరో లారీ ఆయన వచ్చుండాడు, అన్నం పెట్టి పంపీ’ అనింది." తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "ఆ గౌను ఇప్పటికీ పెట్లో అట్నే ఉండాది."

కామాక్షయ్య బన్నును సగంలోనే బల్లమీద పెట్టేశాడు. దానికీ, ఓబులేసు తాగిన టీకీ కొత్తపైసలు తీసి ఇచ్చింది మాత్రం తనే.

చిట్టమూరు దగ్గర ఊళ్ళో అతని భార్య చెంచులక్ష్మి అప్పటికే కలకత్తా జీతంతో ఇంటికి పెంకులు ఎక్కించేసింది, మనసులోనే.

"ఈ తాటాకు ఇంకో వానకు తట్టుకోదు మావా. పోయిరా" అంది.

కామాక్షయ్య శేషి కథ చెప్పాడు. చెప్పేటప్పుడు ఓబులేసు కన్నీళ్ళకు తన సొంతవి కూడా కొన్ని కలిపాడు. చెంచులక్ష్మి గుడ్డ ఉయ్యాలలో నిద్రపోతున్న కూతురి వైపు చాలాసేపు చూసింది.

"నాయనెవరో తెలీని బిడ్డకు పెంకుటిల్లు ఎందుకులే. ఉప్పే తోలుకో."

మర్నాడు కామాక్షయ్య షావుకారు ముందు నిలబడి, దారి పొడవునా నేర్చుకున్న మాటలన్నీ చెప్పాడు. కాపురమన్నాడు, కన్నబిడ్డన్నాడు. షావుకారు వక్క నములుతూ "సరే" అన్నాడు. బతిమాలుతాడేమోనని కామాక్షయ్య కాసేపు అక్కడే నిలబడి చూశాడు. షావుకారు బతిమాలలేదు. ఊళ్ళో మాత్రం కామాక్షయ్య, కలకత్తా నగరాన్ని తన పేర రాసిస్తామంటే వద్దని వచ్చినవాడిలా తిరిగాడు.

వానలు వచ్చాయి. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారే చోట్ల పెట్టగా, వండడానికి ఒక్క కుండ మిగిలింది. తడవని మూల ఒక్కటే ఉంటే కామాక్షయ్య బిడ్డను ఒళ్ళో వేసుకుని అక్కడ కూర్చునేవాడు. బిడ్డ అతని మీసం పట్టుకుని "నా, నా" అనేది. అది నాయనేనని అతను ఊరంతా చెప్పాడు. నాయనమ్మను పిలుస్తోందని చెంచులక్ష్మి అంది. ఏదైతేనేం, ఆ మూలలో అతనికి కలకత్తా గుర్తుకు రాలేదు.

ఆ లైను చివరికి ఓబులేసుకు వెళ్ళింది. నిమ్మకాయల బస్తాలు ఎక్కుతుంటే కామాక్షయ్య పరుగున వెళ్ళాడు.

"నీకెందుకన్నా మళ్ళీ ఈ ఖర్మ?"

"ఎవరో ఒకరు పోవాల గదబ్బయ్యా. నా బతుకు ఎట్టాగూ అయిపోయుండాది. నువ్వు చిన్నోడివి" అన్నాడు ఓబులేసు నిట్టూర్చి.

లారీ రోడ్డెక్కి కనుమరుగయ్యేదాకా కామాక్షయ్య దణ్ణం పెడుతూనే ఉన్నాడు.

ఆ సంగతి విన్న దగ్గర్నుంచి చెంచులక్ష్మి ఊరుకోలేదు. "మనకోసం ఆయన పోయినాడే, ఆ తల్లీబిడ్డల్ని ఒకతూరి పలకరించి రావా?" అని తాటాకు బుట్టలో రొయ్యలు, శేషికని ఒక జత రంగు గాజులు ఇచ్చి పంపింది.

గూడూరులో ఓబులేసు గదికి తాళం వేసి ఉంది. పక్కింటి అంకాలమ్మ అరుగుమీద బియ్యం చెరుగుతోంది.

"ఓబులేసన్న ఉండేది ఇక్కడేనా అక్కా?"

"ఇక్కడే. కలకత్తా పొయ్యుండాడు."

"ఆయన సంగతి తెలుసు. మా వదిన, పాప పుట్టింటికి పోయినట్టుండారే?"

అంకాలమ్మ చేతిలో చేట ఆగింది. అది దుఃఖమనుకున్నాడు కామాక్షయ్య. అతనికీ దుఃఖం పొంగింది. ఎర్రగౌను కథంతా ఆమెకు చెప్పాడు. చెబుతూ చెబుతూ అరుగుమీద కూలబడ్డాడు.

"రొయ్యలు చెడిపోతాయి, నువ్వు వండుకో అక్కా. గాజులు మాత్రం ఆ బిడ్డ చేతికి తొడుగు. ఎవరిచ్చినారంటే చిన్నాయన అని చెప్పు."

అంకాలమ్మ గాజుల వైపు చూసింది. అతని మొహం వైపు చూసింది. చేట పక్కన పెట్టింది.

"ఓబులేసుకు పెండ్లే కాలేదు నాయనా."