కరెంటోళ్ళ పిల్ల

"అమ్మా, కోడ్ వచ్చింది," అన్నాడు యెర్దెన్ ఫోను చూస్తూ.

"కోడలు వచ్చిందా?" బల్జాన్ చేతిలోని టీ గిన్నె కింద పెట్టేసింది. "ఏదిరా? చెప్పులెక్కడ విప్పింది?"

యెర్దెన్ కజకిస్థాన్‌లోని తరాజ్ పట్టణంలో బస్సు నడుపుతాడు. నలభై దాటినా పెళ్ళి కాలేదు. ఆ ఇంట్లో ఆ మాట వినిపిస్తే టీ గిన్నె చేతిలో నిలవదు మరి.

"కోడలు కాదమ్మా, కోడ్. ఈ పెట్టెకి."

గోడ పక్కన గుండ్రటి చిన్న పెట్టె పెట్టాడు. మీట నొక్కితే మాట, వేళైతే దానంతటదే మాట. పొయ్యి ఆర్పమంటుంది, మందు వేసుకోమంటుంది, వీధి తలుపు తెరుచుకుంటే యెర్దెన్ ఫోనుకి కబురు పెడుతుంది. అంతా ఆడగొంతు.

సరదాకి కొన్నది కాదు. ఏడాదిగా ఆ ఇంటి పెద్దప్రాణానికి మతిమరుపు. పొయ్యి మీద కెటిల్ మాడి అడుగూడింది. బజారుకని బయల్దేరి ఊరవతల బస్టాండులో తేలడమూ అయింది. యెర్దెన్ పగలంతా బస్సు మీద ఉంటాడు. అస్తానాలో ఉండే అక్క షోల్పాన్ ఫోనులో తేల్చి చెప్పేసింది.

"పెట్టె మాట వింటే సరే. వినకపోతే నేనొచ్చి మా ఫ్లాటుకి తీసుకెళ్ళిపోతా. తొమ్మిదో అంతస్తు. తాళం నా దగ్గరుంటుంది."

"ఈ ఇంట్లోంచి ఎవరూ కదలరు," అంది బల్జాన్.

పెట్టె ఆ రోజే పనిలోకి దిగింది. "మందు వేళ అయింది," అంది. మాత్రలు మాత్రం డబ్బాలోనే ఉండిపోయాయి. మర్నాడు పెట్టె పిండి బస్తాలో దొరికింది. బస్తాలోంచే "పొయ్యి ఆర్పండి" అంటోంది. ఆ తర్వాత కోళ్ళగూట్లో దొరికింది. ఇంటిల్లిపాదిలో దాని మాట శ్రద్ధగా విన్నవి కోళ్ళే.

"ఇలాగైతే ఎలాగమ్మా?" ఈకలు దులుపుతూ వాపోయాడు యెర్దెన్.

బల్జాన్ గొంతు ఇల్లంతా వినబడేలా పెంచింది. "ముసుగైనా తియ్యకుండానే పెత్తనం చేస్తే ఎవరూరుకుంటారు? కోడలన్నాక పద్ధతిగా ఇంట్లోకి రావాలి. బెత్‌అషార్ చెయ్యి. పాటగాణ్ణి పిలు. చుట్టాల్ని పిలు. అందరి ముందూ ముసుగు తీద్దాం."

"అమ్మా, అది స్పీకరు."

"నోరున్న కోడళ్ళని చాలామందిని చూశాను. నోరు తప్ప ఇంకేమీ లేని కోడలు దొరికింది, అదృష్టం అనుకో."

యెర్దెన్ బయటికెళ్ళి అక్కకి ఫోను చేశాడు. అక్క రైలెక్కింది.

ఆదివారం చుట్టాలు దిగారు. నవ్వుకుంటూ దిగారు. విందుకి మాంసం బెష్‌బర్మాక్ వండుతున్నారని తెలిసి మరీ నవ్వుకుంటూ దిగారు. పెట్టెకి తెల్ల శాలువా కప్పి గది మధ్యలో నిలబెట్టారు. పాటగాడు దోంబ్రా మీటుతూ ఒక్కో పెద్దవారి పేరూ పాడితే, కోడలు వాళ్ళకి వంగి దండం పెట్టాలి. దీనికి నడుమేదీ? యెర్దెనే పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెని వంచి వంచి లేపుతున్నాడు.

"మంచి జోడీరా," అన్నాడు మేనమామ. "ఇద్దరికీ ఎవరో ఒకరు నొక్కితే గాని మాట రాదు."

మొదటి దండం మామగారిది. యెర్దెన్ తండ్రి ఓస్పాన్ పట్టుటోపీ పెట్టుకుని పెద్దాసనం మీద కూర్చున్నాడు. గడ్డం సవరించుకుని అడిగాడు. "పిల్ల ఎవరి తాలూకు?"

యెర్దెన్ పెట్టె వెనక తీగ వంక చూశాడు. "కరెంటోళ్ళ పిల్ల నాన్నా."

"మంచివాళ్ళే. వాళ్ళ తాత నాకు తెలుసు."

గది గొల్లుమంది. ఓస్పాన్ చేతులు చాచి కడుపు పండి పిల్లలు కలగాలని పెట్టెని దీవించాడు.

శాలువా తొలగింది. ఆడవాళ్ళు చాక్లెట్లు వెదజల్లారు. ఒకటి వెళ్ళి సరిగ్గా మీటకి తగిలింది. "లైట్లు ఆర్పుతున్నాను," అంది పెట్టె. గది చీకటైంది.

"సిగ్గుపడింది పిచ్చిపిల్ల," అంది ఓ ముసలావిడ.

లైట్లు వెలిగేసరికి గుమ్మంలో షోల్పాన్, చేతిలో సంచీ. ఎదురుగా వాళ్ళమ్మ పెట్టెని నుదుటి మీద ముద్దు పెట్టుకుంటోంది. దాని నుదురెక్కడో ఆవిడకే తెలియాలి.

"అమ్మా, నీకేమైనా మతిపోయిందా?" షోల్పాన్ సంచీ వదలకుండానే తమ్ముడి వైపు తిరిగింది. "ఇంక చూసేదేముందిరా? రేపటి రైలుకే ప్రయాణం. బట్టలు సర్దు."

బల్జాన్ మొహంలో నవ్వు ఒక్క క్షణం పోయింది.

"మందు వేళ అయింది," అంది పెట్టె. "నీలం డబ్బా."

దోంబ్రా ఆగింది. బల్జాన్ కదల్లేదు. బావుర్సాక్ రొట్టె తుంచి టీలో ముంచుకుంటోంది.

"చూశావా?" అంది షోల్పాన్. "ఇంత తతంగం చేసి ఏం ఒరిగింది?"

"కాస్త నోరు మూసుకోవే," అంది బల్జాన్.

టక్కుమని డబ్బా మూత తెరుచుకుంది. తర్వాత నీళ్ళు గుటక వేసిన చప్పుడు. షోల్పాన్ పెద్దాసనం వైపు తిరిగి చూసింది. చేతిలో సంచీ జారింది.

"ఇదెలా అమ్మా?"

బల్జాన్ కూతుర్ని పక్కకి లాక్కుని, చుట్టాలంతా మెడలు చాచి వింటూండగా, గొంతు తగ్గించి చెప్పింది.

"మీ నాన్నకి మతి పోయింది గానీ మర్యాద పోలేదే, పెట్టె చెబితే విసిరికొడతాడు, నేను చెబితే నువ్వెవరంటాడు, కోడలు చెబితే మాత్రం ఏ మామగారు కాదంటాడు?"