గుహలోని మణి

"పన్నెండు స్పూన్లుండాలండీ. పదకొండే ఉన్నాయి."

"పండగ పూట స్టీలు స్పూను కోసం గొడవేంటి దుర్గా?" అన్నాడు నాగేంద్రబాబు.

"ఇవాళ స్పూను, రేపు నా నల్లపూసలు. మీకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్ ఇంట్లో గొలుసు తీసిందని తరిమేసిన పనిమనిషిని తెచ్చి మనింట్లో పెట్టారు!"

"శుక్రవారం సొంతూరికి విమానం ఎక్కేస్తుంది. రెండు రోజులు ఓర్చుకో."

వంటింట్లో ఉండ్రాళ్ళు చేస్తున్న సంజీవమ్మకు అన్నీ వినబడుతూనే ఉన్నాయి. వినాలనే వెంకటదుర్గ గొంతు పెంచింది.

పూజ అయింది. శమంతకమణి కథ చదువుతూ, కృష్ణుడి మీద నింద పడ్డచోట దుర్గ ఆగింది.

"నిరుడు చవితి చంద్రుణ్ణి చూశావేంటి సంజీవమ్మా?"

"చూసినా మా, కండ్లారా చూసినా," నవ్వింది సంజీవమ్మ. "ఆ సామి ఎన్న దొంగిలిస్తే ముద్దులు పెట్టినారు. మణి దొంగిలించకపోతే దొంగన్నారు. లోకం అంతేమ్మా."

"ఆయన గుహలోకెళ్ళి మణి తెచ్చి చూపించాడు. నువ్వేం చూపిస్తావు?"

"ఆ గుహ యాడనో అడివిలో ఉందనుకుంటి. ఈడుంది," గుండె మీద చెయ్యి వేసుకుంది. "దినాం కండ్లు మూసుకోని లోపలికి పోతాండా. చీకట్లో ఎలుగ్గొడ్డు, నువ్వే దొంగవని అరుస్తాది. దాంతో కొట్లాడినా. నిన్న అదే అలిసిపోయి మణి నా చేతిలో పెట్టింది. ఒకరికి చూపీనీకి కాదుమా అది."

"ఇన్ని కబుర్లెందుకు? చూసినవాళ్ళెవరూ లేరా, నువ్వు తియ్యలేదని చెప్పడానికి?"

"ఉంటే, వాళ్ళ గుహ వాళ్ళకుంటాది."

నాగేంద్రబాబు అక్షతలు తల మీద వేసుకోకుండానే లేచి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున ఆమెను ఎయిర్‌పోర్టులో దింపి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర దుర్గ ఊపిరి పీల్చుకుంది.

"హమ్మయ్య. ఇక బీరువాకి తాళం అక్కర్లేదు."

అతను అన్నం కలిపాడు గానీ తినలేదు.

"ఆదివారం కఫీల్ ఇంటికి వెళ్తున్నాను, దుర్గా."

"ఎందుకండీ?"

"ఆ గొలుసు వాళ్ళ పెద్దబ్బాయి తీశాడని చెప్పడానికి. ఆ రోజు కఫీల్ సంతకాల కోసం వెళ్ళి, కళ్ళారా చూశాను."

దుర్గ చేతిలో గరిటె ఆగిపోయింది. పక్కనే అన్నం తింటున్న వాళ్ళ పాప ఇద్దరి మొహాలూ చూసింది.

"మీకేమైనా పిచ్చా? మనం ఈ దేశంలో ఉండాలంటే కావాల్సిన ఇఖామా ఆయన చేతిలో ఉంది! పాప చదువు?"

"ఆ సంగతి ఆవిడకీ తెలుసు," అన్నాడు నాగేంద్రబాబు. "నేను గుమ్మంలో నిలబడి చూడటం చూసి కూడా, నా పేరు చెప్పకుండా వెళ్ళిపోయింది."