గోడ మీద ప్రశ్న

"ఆపరేషన్ ఈరోజు లేదు. ఇంటికి తీసుకెళ్లండి," అంది నర్సు, కేసు షీటు మీద అడ్డంగా ఒక గీత కొట్టి.

పెయింటరుకు ఒళ్లు మండిపోయింది. ఇది మూడోసారి. భార్య నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఆసుపత్రి గౌను తొడుక్కుని, చేతికి సూది పెట్టించుకుని వరండా బెంచీ మీద ఒరిగి కూర్చుంది. కడుపులో పిడికిలంత గడ్డ. పది రోజులు దాటితే ప్రాణం మీదికొస్తుందని పెద్ద డాక్టరు చెప్పి అప్పుడే ఇరవై రోజులైంది.

"ఎందుకు లేదు?"

"మత్తిచ్చే మిషన్ పాడైంది. కొత్తదానికి డబ్బుల్లేవట."

"ఎందుకు లేవు?"

"నన్నడిగితే నేనేం చెప్పను? ఖజానా ఖాళీ చేసిందెవరని ఊరంతా గోడల మీద రాస్తున్నారుగా, వాళ్లనడుగు!" అని నర్సు విసవిసా వెళ్లిపోయింది.

పెయింటరు భార్య పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. ఆ ప్రశ్న ఊళ్లో మూడువందల గోడల మీద రాసింది తనే. నెలన్నరగా అదే పని. నిలువెత్తు అక్షరాలు, చివర కొక్కెంలాంటి ప్రశ్న గుర్తు, కింద కుడి మూలన తోక ఉన్న చుక్క. ఆ చుక్క అతని గుర్తు. గోడైనా, బ్యానరైనా, కూలి ముట్టిందని ఖాళీ కాగితం మీది స్టాంపుపై పెట్టే సంతకమైనా, కింద చుక్క పడకపోతే అతనికి తోచదు. అందుకే ఊళ్లో అందరికీ అతను చుక్క పెయింటరు.

"పోనీలే, నీ రాత చదివేవాళ్లు కూడా ఉన్నారు," అంది భార్య. నవ్వబోయి కడుపు పట్టుకుంది.

అతను గోడల పని ఇప్పించిన వార్డు నాయకుడికి ఫోన్ చేశాడు. అధికార పార్టీ మనిషి, ఒక్క మాట చెబితే పనైపోతుందని ఆశ.

"అన్నా, నేను చుక్కని. మా ఆవిడ ఆపరేషన్..."

"విన్నాను తమ్ముడూ. ఏం చెయ్యమంటావు? పాతవాళ్లు ఖజానా ఊడ్చేసి పోయారు. వాళ్లు చేసిన అప్పులకు వడ్డీ కట్టడానికే మా తల ప్రాణం తోకకొస్తోంది."

ఈ మాటలు పెయింటరుకు కొత్త కాదు. బస్టాండు గోడ మీద పొల్లు పోకుండా రాసింది తనే. ఫోన్ పెట్టేసి ప్రతిపక్షం నాయకుడికి కలిపాడు.

"అన్యాయం తమ్ముడూ!" అన్నాడాయన ఉత్సాహంగా. "జనం ముక్కు పిండి పన్నులు వసూలు చేస్తున్నారా, అదంతా ఏమైనట్టు? పైగా లోటు లోటని ఏడుపొకటి! నువ్వో పని చెయ్. మీ ఆవిడ సంగతే ఒక గోడ మీద రాసెయ్. కూలి నేనిస్తాను."

"రాయడానికి కాదన్నా, మిషనుకు..."

అవతల ఫోన్ పెట్టేశారు. మార్కెట్ గోడ మీద ఈయన మాటలు కూడా తనే రాశాడు. ఇద్దరి దగ్గరా తీసుకున్న కూలి కలిపినా బయట ప్రైవేటు ఆసుపత్రిలో గుమ్మం తొక్కడానికి చాలదు.

భార్య బెంచీ మీద మెల్లగా మూలిగింది. అది విన్నాక అతనిక ఆగలేకపోయాడు. ఆఫీసు గదిలోకి దూసుకెళ్లి గుమాస్తా బల్ల మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు.

"మిషన్ డబ్బు ఏమైంది? ఎవడు తిన్నాడు? పేరు చెప్పండి చాలు!"

"చెబితే ఏం చేస్తావయ్యా?"

"ఈ ఆసుపత్రి గోడ మీదే రాస్తా. గేటు నుంచి మార్చురీ దాకా, ఒక్కో అక్షరం నా అంత ఎత్తున. వచ్చేపోయేవాళ్లంతా ఆ పేరు చూసి ఉమ్మెయ్యాలి!"

"ఆ తర్వాత మాట మార్చవు కదా?"

"మారిస్తే ఈ చేత్తో మళ్లీ బ్రష్ పట్టను."

గుమాస్తా రిటైరవబోతున్న మనిషి. ఎన్నాళ్ల నుంచి కడుపులో దాచుకున్నాడో గానీ, లేచి తలుపు దగ్గరగా వేశాడు. బీరువా తీసి, అట్ట చిరిగిన ఫైలొకటి ముందు పెట్టాడు.

"డబ్బు రెండు నెలల కిందటే వచ్చింది. వారం తిరక్కుండా పైనుంచి కబురు. మిషన్ సంగతి తర్వాత, ముందు ఖజానా ఎందుకు ఖాళీ అయిందో జనానికి తెలియజెప్పాలి, ఆ డబ్బు ప్రచారానికి ఇచ్చెయ్యండి అని."

"ఆ కబురు మీద సంతకం ఎవరిది?"

"భలేవాడివే! నోటిమాటతో, ఫోన్లో అయిపోయింది. సంతకాలు పెట్టేంత అమాయకులు పైన లేరు. కానీ మొత్తం ఒక్కడే తీసుకున్నట్టు రసీదుంది. కాగితాల్లో వాడొక్కడే దొంగ. రేపు ఎంక్వయిరీ వస్తే రెండు పార్టీలూ కలిసి వాడి మెడకే చుడతాయి."

తలుపు కిర్రుమంది. భార్య గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

పెయింటరు ఫైలు తన వైపు తిప్పుకుని ఆఖరి కాగితం తీశాడు. మిషన్ ఖరీదంతా ముట్టిందని, అంకెల్లోనూ అక్షరాల్లోనూ టైపు కొట్టి ఉంది. అన్ని సున్నాలు అతను కూలికి గోడల మీద రాశాడే తప్ప చేత్తో ఎన్నడూ ముట్టలేదు. అతని చూపు కిందికి జారి, స్టాంపు దగ్గర ఆగిపోయింది.

"ఎవడటయ్యా ఆ పుణ్యాత్ముడు?" అంది భార్య గుమ్మంలోంచి.

స్టాంపు మీద సంతకం, సంతకం కింద కుడి మూలన తోక ఉన్న చుక్క.