మార్తమ్మ ఎదురుచూసిన రోజు

కొండ మీది చర్చి వెనక, జొన్నచేను గట్టున మార్తమ్మ అనే చిట్టెలుక ఉండేది. చర్చి గంట పక్కన కాపురముండే ముసలి గువ్వ ఒక ఆదివారం ప్రసంగం విని వచ్చి, "ప్రవచనం నెరవేరే రోజు దగ్గర పడింది. కరువు నల్లగుర్రమెక్కి వస్తుందట, సంతలన్నీ కూలిపోతాయట, బంగారమిచ్చినా గింజ పుట్టదట" అని చెప్పింది. అప్పట్నుంచీ మార్తమ్మ కలలోకి ఒక నల్లగుర్రం మంచులో తేలుతూ వచ్చేది. అది నడిచినచోటల్లా కంకులు పొగలా కరిగిపోయేవి.

భయంతో మార్తమ్మ కలుగు నిండా జొన్నలు కూరి, ద్వారం మట్టితో మూసేసుకుంది.

ఒక పొద్దున పక్క పొదలోని పిచ్చుక దీనమ్మ వచ్చి పిలిచింది. "అక్కా, నాలుగు గింజలుంటే పెట్టవా?"

"ఇవి ఆ రోజు కోసం దాచుకున్నవమ్మా. అది వచ్చాక చూద్దాంలే."

"ఆ రోజు మా ఇంటికి నిన్ననే వచ్చిందక్కా. గాలివానలో మేతకు వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. పిల్లలు ఏడ్చి ఏడ్చి ఇప్పుడు నోరు కూడా తెరవడం లేదు."

మార్తమ్మ ద్వారం మట్టిని గోళ్లతో గీకింది. జొన్నలు జలజలా బయటికి దొర్లాయి. ఒక గింజ నమిలి మెత్తగా చేసి, పొదలోకి పాకి, అందరికన్నా చిన్నపిల్ల నోట్లో పెట్టింది. అది మింగేదాకా చూస్తూ కూర్చుంది.