రోజూ తప్పే చోటు

"మళ్లీ అక్కడే తప్పాడు సూడు," అన్నారు శ్యామసుందర్, వరండాలో పడక్కుర్చీలోంచి తల తిప్పకుండానే.

కోడలు సాయిపద్మ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. లోపలి గదిలో గిటారు ఒక తీగ మీద జారి, సర్దుకుని, మళ్లీ మొదటికొచ్చింది.

"రోజూ అదే సోట తప్పుతున్నాడేటమ్మా? మీ ఆయనకి సెప్పు."

"సెప్తాను మావయ్యా."

"ఈ తుపానులో సముద్రం కేసి ఎల్లొద్దని కూడా సెప్పు."

సాయిపద్మ కొంగుతో కళ్లొత్తుకుంది. పెద్దాయనకి చూపు లేదు కాబట్టి సరిపోయింది.

పంతాలంటే ఆ ఇంటివే. బరంపురం బజారులోని ఉల్లిపాయల హోల్‌సేల్ కొట్టు వదిలేసి కొడుకు హేమచంద్ర గిటారు పట్టుకున్న నాటి నుంచీ తండ్రీ కొడుకులకి మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో సాయిపద్మే. పెద్దాయన చూపు పోయింది గానీ పంతం మాత్రం పోలేదు.

గిటారుని మోగించే పెద్ద యాంప్ మోతకి లంజిపల్లి వీధంతా తిట్టిపోస్తుంటే హేమచంద్ర దాన్ని అమ్మేసి టాబ్లెట్ కొన్నాడు. గిటారు వైరు దానికి గుచ్చితే చాలు, యాంపూ అందులోనే, కాలితో తొక్కాల్సిన పెడల్సన్నీ తెర మీద బొమ్మలే. వాటిలో ఒకటుంది. వాయించింది వాయించినట్టు దాచుకుని, వేలితో నొక్కితే ఆపేదాకా తిప్పి తిప్పి వినిపిస్తుంది.

సాయిపద్మ రోజూ దీపాలవేళ నొక్కేది ఆ బొమ్మనే.

గదిలో హేమచంద్ర లేడు. కొన్ని వారాల కిందట, పాటలో కలపడానికి అలల చప్పుడు రికార్డు చేసుకొస్తానని పొడంపేట తీరానికి వెళ్లి పడవెక్కాడు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడింది. మనిషి ఇంతవరకూ దొరకలేదు. పెద్దాయన గుండె ఏ దెబ్బనీ తట్టుకోలేదని డాక్టరు అంతకు ముందే చెప్పాడు. తిరిగొచ్చాక ఆ తప్పు సరిచేస్తానని హేమచంద్ర దాచి వెళ్లిన వాయింపొక్కటే ఆమెకి మిగిలింది.

"ఎన్నాళ్లే ఇలాగ?" అంది పొద్దున పక్కింటి ఉమాదేవి, గోడ మీంచి గొంతు తగ్గించి. "మీ వోళ్లొచ్చి నిజం సెప్పీస్తే, ఆ సేతికి గాజులుంచుతారేటి?"

"గాజుల సప్పుడు ఇనబడకపోతే మావయ్య అడుగుతారు పిన్నీ."

"ఆయన కోసమేనా?"

సాయిపద్మ లోపలికి వచ్చేసింది.

కరెంటు అప్పటికే లేదు. కిందటి రోజే పెద్దాయన అడిగారు, "తుపానంటన్నారు, నా ఫోన్ పవర్ బ్యాంకు ఛార్జింగెట్టమ్మా" అని. ఇంట్లో ఒక్కటే ఛార్జరు. టాబ్లెట్‌కున్నదాన్ని పీకి పవర్ బ్యాంకుకి పెట్టింది. దాని నిండా ఛార్జింగైతే ఎక్కింది, ఆ తర్వాత కరెంటు పోయింది. టాబ్లెట్ సంగతి పాపం ఆమెకి తట్టనే లేదు.

ఇప్పుడు గదిలోకి వచ్చి చూస్తే తెర మూల బ్యాటరీ గుర్తు ఎర్రగా ఉంది. బయట వాన కిటికీ రెక్కల్ని బాదుతోంది. గిటారు తప్పే చోటికి వచ్చి, తీగ మీద జారింది. ఈసారి సర్దుకోలేదు. తెర నల్లబడిపోయింది.

వరండాలో పడక్కుర్చీ కిర్రుమంది. చేతికర్ర నేలని తడుముకుంటూ గది వైపు వస్తోంది. పంతం పట్టాక ఆ గడప ఆయన ఎప్పుడూ తొక్కలేదు.

"మావయ్యా, ఆయనకి తలనొప్పిగున్నాది, పడుకున్నారు," అంది సాయిపద్మ. తలుపుకి చేతులు అడ్డం పెట్టబోయింది, గాజులు గలగలమన్నాయి. ఈ మనిషి ఇక్కడే కూలిపోతే తనేం చెయ్యాలి?

తలుపు తెరుచుకుంది. శ్యామసుందర్ మంచం వైపు తిరగలేదు. కొడుకుని పిలవలేదు. గాజులు వినబడుతున్న వైపు చేయి చాచారు.

"ఈ పవర్ బ్యాంకు ఆ టాబ్లెట్‌కి ఎట్టమ్మా."